మడుగు మాది, మడి మీదా?

నాచారంలో మేముండే గల్లీ పక్కనే ఒక అపార్టుమెంటు ఉన్నది. ఆ మధ్య ఒక ఆదివారం వాళ్ల హాలులో ప్రవచనం పెట్టిండ్రు. వినడానికి మమ్మల్ని ఎవరూ పిలవలేదు గానీ, మైకుకు కులం లేదు గదా, గల్లీ చివరిదాకా వినిపించింది. పంతులుగారు చెప్పినదాని సారం ఇది: మడి అంటే ఛాదస్తం కాదు, శుభ్రత. మన పెద్దల సైన్సు. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతా దూరం జరిగి, ఒకరినొకరు ముట్టుకోకుండా, చేతులు కడుక్కుంటూ బతికిందంటే అది మన మడి గొప్పతనమే. చప్పట్లు మోగినయి.

ఆ చప్పట్లు మోగిన హాలుకు ఇవతల, గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. "పనివాళ్లు, ఇస్త్రీవాళ్లు లిఫ్టు వాడరాదు." ఆ బోర్డు పక్క నుంచే ఇస్త్రీ బండి అక్క మూట నెత్తిన పెట్టుకొని నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కుతది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆమె మడతపెట్టిన చీర లిఫ్టులో పోవచ్చు, ఆ చీరను మడతపెట్టిన మనిషి పోరాదు. మడి అంటే ఏమిటో పంతులుగారు గంటన్నర చెప్పారు. బోర్డు ఒక్క వాక్యంలో చెప్పింది.

సరే, శుభ్రతే అనుకుందాం. ఒక చిన్న పరీక్ష పెడదాం. సౌడు నీళ్లల్ల నానబెట్టి, రాత్రంతా ఆవిరి పట్టించి, బండ మీద కొట్టి, జాడించి, ఎర్రటి ఎండల ఆరేసి, నిప్పుల పెట్టెతో ఇస్త్రీ చేసిన పంచె ఒకటి ఉంది. ఆ పంచె మీద సూక్ష్మజీవి బతికి ఉండే అవకాశం ఎంత? ఇప్పుడు ఆ పంచె కట్టుకొని పంతులుగారు దేవుడి గదిలోకి పోతారా? పోరు. ఎందుకంటే అది చాకలి చేయి తాకిన బట్ట, మైల. దాన్ని మళ్లీ ఇంట్లోవాళ్లు బావినీళ్లల్ల ముంచి, ఎవరూ తగలకుండా కర్రతో ఎత్తైన దండెం మీద ఆరేస్తేనే మడి. ఉడికించిన బట్ట మైలట, ముంచిన బట్ట మడట! ఇది ఏ కాలేజీ సైన్సు? మడి క్రిమిని చూడదు, చేతిని చూస్తది. ఆ చేయి ఏ ఇంట్ల పుట్టిందో చూస్తది. కరోనా మాత్రం ఏ చేయినీ కులం అడగలేదు.

నా జగడం ఇక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాయనక్కర లేదు. మడి మూఢాచారమని హేతువాదులు ఎప్పటినుంచో చెప్తనే ఉన్నరు. నేను చెప్పేది వేరు. మడి అనే మాటే వాళ్లది కాదు. అది ఉతికేవాళ్ల మాట. దొంగసొమ్ము.

కన్నడంలో మడి అంటే ఉతికిన బట్ట, శుభ్రమైన బట్ట. ఆ బట్టను ఉతికి ఇచ్చేవాడు మడివాళ. బెంగళూరులో మడివాళ అని ఒక పేటే ఉంది, అక్కడ సాఫ్టువేరు ఉద్యోగాలు చేసే మన పిల్లలకు ఆ పేరు అర్థం తెలుసో లేదో. తెలుగులో అదే మాట మడుగు అయింది. పాత తెలుగులో మడుగు అంటే ఉతికిన తెల్లబట్ట. నీళ్ల మడుగు వేరే మాట, దానితో కలపొద్దు. ఉతికే మనిషి మడివాలు, మడేలు. మన ఊళ్లల్ల సాకలోల్లు కొలిచే మడేలయ్య పేరులో ఉన్నది కూడా ఈ మాటే. అంటే ఏమైంది? మాట పుట్టింది రేవుల. బండ మీద, నీళ్లల్ల, సౌడుల పుట్టింది. ఆ మాటను పట్టుకపోయి దేవుడి గదిల పెట్టుకున్నరు. బట్ట గుణాన్ని పుట్టుక గుణం చేసిండ్రు. ఉతికినదానికి ఉన్న పేరు ఉతకనివాడికి పోయింది, ఉతికినవాడికి మైల అనే మాట మిగిలింది.

"అడుగులకు మడుగులొత్తడం" అని పేపర్లల్ల రోజూ చదువుతం. ఫలానా మంత్రికి ఫలానా అధికారి అడుగులకు మడుగులొత్తుతున్నాడని. ఆ మడుగులు ఏమిటి? పెద్దమనిషి నడిచేదారిన మట్టి అంటకుండ పరిచే ఉతికిన బట్టలు. పరిచేది ఎవరు? ఇస్త్రీ అక్కను అడిగిన. "మావోల్లే తమ్మీ. పెండ్లిల పిల్లగాడు నడుస్తుంటే ముందర పరుసుడు, ఎనక తీసుడు, మల్ల ముందర పరుసుడు. తొక్కిన బట్టలు మల్ల మేమే ఉతుకుడు" అన్నది. ఒకరి వెన్నువిరిగే పని ఇంకొకరి బానిసబుద్ధికి సామెత అయింది. మడుగులు ఒత్తించుకున్నవాడి మీద మాత్రం సామెత లేదు.

అక్కడే ఇంకో మాట. చాకిరి అన్నది చాకలి నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటరు. కాదు, అది ఫారసీ చాకర్ నుంచి వచ్చింది, నౌకరు అని అర్థం. రెండు మాటలు రెండు దేశాల నుంచి వచ్చినయి గానీ, మన ఊళ్లల్ల రెంటినీ ఒకే మనిషి నెత్తిన పెట్టిండ్రు కాబట్టి చెవికి చుట్టాల్లెక్క వినిపిస్తయి. వెట్టి అనేది లేకపోతే ఆ పోలిక ఎవరికీ తట్టేది కాదు.

ఇక ఆ పని సంగతి. చలువ చేయడం అని పాత మాట ఒకటుండేది, ఇప్పుడు పెద్దగా వినపడదు. చలువ బట్టలు, చలువ చీర. డ్రై క్లీనింగు అని బోర్డు పెట్టిన దుకాణంల ఎవరూ ఆ మాట అనరు. చలువ చేయడమంటే వట్టిగ నీళ్లల్ల పిండడం కాదు. ఎక్కడి భూమి ఉప్పు పూసి తెల్లగ మెరుస్తదో ఎరిగి, ఆ సౌడు మట్టిని గోకి తేవాలె. ఏ బట్టకు ఎంత సౌడు, రంగు బట్టను ఎప్పుడు పక్కకు తియ్యాలె, నూనె జిడ్డుకు ఎంతసేపు నాననియ్యాలె, ఇదంతా లెక్క. ఉబ్బ పెట్టడం ఇంకో లెక్క: పెద్ద బానల బట్టలు పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టించాలె. సౌడుల ఉన్నది సోడా అని తర్వాత బడిల పంతులు చెప్తే మనం నోటుబుక్కుల రాసుకున్నం. సాకలి ఆడది అంతకు ఎన్ని తరాల ముందునుంచో దాంతోని జిడ్డు వదిలిస్తనే ఉన్నది. ఇగ గుర్తులు. నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన పెట్టిన గుర్తు ఎన్ని ఉతుకులకూ పోదు. ఇంటికో గుర్తు. ఊరందరి మూటలు ఒక్కటిగ కలిసినా ఎవల బట్ట ఎవలిదో తప్పు పోదు. ఆమెకు అక్షరం రాదన్నరు. మరి ఆ గుర్తులు ఏమిటి? కంచ ఐలయ్య 2009లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకం పోస్ట్ హిందూ ఇండియాలో చాకలివాళ్ల జ్ఞానం మీద ఒక అధ్యాయమే రాసిండు. ప్రవచనాల మైకులు ఆ పుస్తకం దాకా పోవు.

ఇంత చేసిన మనిషికి మనువు ఇచ్చిన బహుమానం చూడండి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బట్టలు ఎట్ల ఉతకాలో చెప్పిండు: నున్నటి బూరుగు చెక్క మీద మెల్లగ ఉతకాలట, ఒకరి బట్టలు ఇంకొకరి బట్టలతో కలపొద్దట, ఒకరివి ఇంకొకరికి కట్టుకోనియ్యొద్దట. ఉతుకుడు మీద ఇంత శ్రద్ధ ఉన్న ఆ పెద్దమనిషే నాలుగో అధ్యాయంలో ఎవరెవరి అన్నం తినకూడదో జాబితా ఇచ్చిండు. అందులో బట్టలు ఉతికేవాడు ఉన్నాడు. పక్కనే రంగులు అద్దేవాడు ఉన్నాడు. బట్ట కావాలె, బువ్వ మైల. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని ఎందుకు తగలబెట్టిండో ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదివితే చాలు.

"చాకలి అనకూడదు, రజక అనండి, గౌరవంగా ఉంటుంది" అని చెప్పేవాళ్లున్నరు. మనిషిని మనిషి తనకు నచ్చిన పేరుతోనే పిలవాలె, దాంట్ల నాకు పేచీ లేదు. రజక అని పిలిపించుకునే అన్నలను రజక అనే పిలుస్త. కానీ ఆ సంస్కృత మాట వేరు చూస్తే రంగు అద్దడం తగులుతది, ఉతకడం కాదు. పోనీ ఆ పేరుకు పుస్తకాలల్ల దక్కిన గౌరవమేంది?

దానికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సు ఎక్కాలె. ఇస్త్రీ అక్కది పాలకుర్తి దిక్కు. జనగామ దాటి లోపలికి పోతే వస్తది. ఒక్క పాలకుర్తి మండలంలోనే ఈ కథ మూడు రకాలుగ ఉన్నది. పక్కన బమ్మెర, పోతన ఊరు. ఆయన భాగవతంల కృష్ణుడు మధురకు పోయి అక్కడి దారిల కంసుని రజకుణ్ణి బట్టలియ్యమంటడు. రాజుగారి బట్టలు నీకెందుకిస్తనంటడు రజకుడు. కృష్ణుడు అరచేత్తో కొట్టి చంపుతడు. అంతే కథ. బట్టలు ఇయ్యనన్నందుకు మరణశిక్ష, దానికి భక్తి అని పేరు. ఇటు పాలకుర్తి, సోమనాథుడి ఊరు. ఆయన బసవపురాణంల మడివాలు మాచయ్య ఉన్నడు. శివభక్తుల బట్టలే ఉతుకుత, భవి ఎవడూ నా మూట ముట్టొద్దన్నడు. ముట్టినవాణ్ణి చంపిండు. బిజ్జల రాజు పంపిన బలగాన్ని ఎదిరించి నిలబడ్డడు. చూసిండ్రా? మడి పట్టింది ఉతికేవాడే, ముట్టొద్దన్నది ఉతికేవాడే. మతం పిచ్చి అందులోనూ ఉంది, కాదనను. కానీ మూట మీద హక్కు ఎవరిదో ఆ కథకు తెలుసు.

మూడోది పుస్తకంల పుట్టలేదు. అదే పాలకుర్తిల చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మ. కౌలుకు తీసుకొని దున్నుకున్న భూమి మీద పంటను విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి గుంజుకపోవడానికి మనుషులను పంపిండు. సంఘం కార్యకర్తలు అడ్డం నిలబడి పంట కోసి ఆమె ఇంటికి చేర్చిండ్రు. బట్టలు ఉతికే మనిషికి భూమెందుకు అన్నదే దొర కడుపుమంట. 1985 సెప్టెంబర్ 10న ఐలమ్మ చనిపోయింది. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టిండ్రు. మంచిదే. ఆ బోర్డు మీద చాకలి అన్న మాటను అలాగే ఉంచడం ఇంకా మంచిది. కోఠిల ఆ మాట యూనివర్సిటీ. నాచారంల అదే మాట లిఫ్టు బయట.

సినిమా సంగతి కూడా ఇక్కడే చెప్పాలె, రామారావు కుటుంబం స్టూడియో మా నాచారంల ఉన్నది గనుక. 1963లో వచ్చిన లవకుశలో ఆయనే రాముడు. సీతమ్మను అడవికి పంపడానికి కారణం ఎవరంటే ఊళ్లో పిల్లలు కూడా చెప్తరు, చాకలోడు అని. వాల్మీకి ఉత్తరకాండ తిప్పి చూడండి. అక్కడ భద్రుడనేవాడు నగరంలో జనం ఏమనుకుంటున్నరో రాముడికి చెప్తడు. చాకలి లేడు. ఊరందరి నోటి మైలను తర్వాతి కథల్ల తీసుకపోయి చాకలి నోట్ల పెట్టిండ్రు. ఊరు మైలను మోసుడు ఎట్లాగూ ఆయన పనే గదా అనుకున్నట్టున్నరు.

ఇప్పుడు పెద్దమనుషుల మాట ఒకటుంది, ప్రక్షాళన. పార్టీ ప్రక్షాళన, వ్యవస్థ ప్రక్షాళన, మూసీ ప్రక్షాళన. తెలుగుల కడుగుడు అంటే సరిపోయేది. కానీ కడుగుడు అంటే "ఎవరు కడగాలె?" అని ప్రశ్న వస్తది. ప్రక్షాళన అంటే చేతులు కనపడవు. మహద్‌లో 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో పోయి చవదార్ చెరువు నీళ్లు తాగిండు. తర్వాత సవర్ణులు ఏం చేసిండ్రో తెలుసు గదా. 108 కుండలతో పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి చెరువుల పోసి శుద్ధి చేసిండ్రు. నీళ్లతోని అన్నీ కడుగుతరు, వీళ్లు నీళ్లనే కడిగిండ్రు, అదీ పేడతోని! కారంచేడుల మాత్రం ఇది తిరగబడింది. మాదిగలు తాగే చెరువుల కుడితి బకెట్లు కడగొద్దని అడ్డం చెప్పి, బిందె ఎత్తింది మున్నంగి సువార్త. 1985 జూలై 17న ఆరుగురిని చంపిండ్రు. మేం ముట్టిన నీళ్లు మైల, వాళ్ల గొడ్ల కుడితి కలిసిన నీళ్లు మాకు తీర్థం. ఐలమ్మ చనిపోయింది కూడా ఆ ఏడాదే.

మా ఉప్పల్ దగ్గరి మూసీ సంగతీ అంతే. నగరం మురికంతా మోసుకొని ఇటే వస్తది. 2024లో మూసీ ప్రక్షాళన పేరుమీద ఎగువన చాదర్‌ఘాట్ దిక్కు పేదల ఇండ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టిండ్రు, కొన్ని కూలగొట్టిండ్రు. నది బాగుపడాలె, ఎవరొద్దన్నరు? కానీ సర్కారు కడగడం మొదలుపెట్టగానే మొదట కనిపించిన మురికి పేదోడి ఇల్లు. ఉప్పల్ భగాయత్‌లో 2019లో ప్లాట్లు వేలమేసినప్పుడు ఎవరికీ ప్రక్షాళన గుర్తుకు రాలేదు. నల్లచెరువుల గుర్రపుడెక్క. బట్టలు ఉతికే నీళ్లు ఎక్కడున్నయి? రేవు పోయింది, చాకిరేవు అనే తిట్టు మాత్రం పోలేదు. "అసెంబ్లీలో ఉతికి ఆరేశాడు", "చాకిరేవు పెట్టాడు" అని హెడ్డింగులు పెట్టే పేపర్లు మనింటికి కూడా వస్తయి.

రేవు పోయినంక అక్క చేతిలో మిగిలింది ఇస్త్రీ ఒక్కటే. ఉతుకుడు మిషన్లకు పోయింది. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, దోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితమని సర్కారు చెప్పింది. పుట్‌పాత్ మీది తోపుడు బండికి మీటరు ఎక్కడ బిగిస్తరు? అక్క ఇంకా బొగ్గులే ఊదుతున్నది.

ఇప్పటిదాకా చదివి తలూపిన మాల, మాదిగ అన్నదమ్ములకు ఇక చేదు మాట. మా అమ్మ బట్టలు ఏ సాకలీ ఉతకలే. ఊరి సాకలి వాడకు రాదు. మా అమ్మే కుంటల కింది దిక్కున, ఊరోళ్లు ఉతికినంక వచ్చే నీళ్లల్ల ఉతికేది. బాబాసాహెబ్ సతారాల గడిపిన చిన్నతనం గురించి రాసుకున్నడు: డబ్బులియ్యగలిగినా, చాకళ్లున్నా, వాళ్లింటి బట్టలు అక్కలే ఉతికేవారు, అంటరానివాళ్ల బట్టలు ఏ చాకలీ ముట్టడు గనుక. ఈ మాట అక్కతో నేను మొహమాటం లేకుండనే అన్న. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి కాసేపు మాట్లాడలే. "మీ బట్టలు ముడితే ఊరు మాకు మేర పెట్టకపోవు. సద్ది పెట్టకపోవు. గంతే తమ్మీ" అన్నది. నిజమే. కోతలప్పుడు ఇచ్చే గింజలు, సందేళ ఇంటింటికి తిరిగి తెచ్చుకునే బువ్వ ఆగిపోతే బతుకు లేదు. కానీ పూర్తి నిజం కాదు. వాడకు రానందుకు ఒక పిసరంత గొప్ప కూడా ఉండేది, మేం వాళ్లకన్నా పైన అని. ఆ పిసరే కదా నిచ్చెనమెట్ల మేకు. ఆమె ఒప్పుకున్నది. మరి నేను? మా పిల్లగాడు మాసిన అంగీ వేసుకుంటే "సాకలి మూటలెక్క ఉన్నవ్" అని ఎన్నిసార్లు అన్ననో లెక్క లేదు. మన సభలల్ల, మన పత్రికలల్ల కూడా శత్రువును "ఉతికి ఆరేసినం" అని రాసుకుంటున్నం. ముందు అది ఆపుదాం.

ఇంకోటి కూడా తేల్చుకోవాలె. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్, ఒడిశాలల్ల ధోబీలు ఎస్సీలు. మన దగ్గర బీసీ-ఏ. పని ఒకటే, మైల ఒకటే, జాబితా వేరు. అక్కను ఎవడన్న కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం కింద కేసు కాదు. ఎస్సీల్ల కలపాలన్న డిమాండు వినగానే మనవాళ్లు కొందరు వాటా పోతదని ఉలిక్కిపడుతున్నరు. వాటా లెక్క జనాభా లెక్కతో తేలాలె, దానికి తొందరేం లేదు, కొత్తవాళ్లు వస్తే కోటా పెరగాలె తప్ప ఉన్నది పంచుకునుడు కాదు. కానీ తిట్టు సంగతి వేరు. కులం పేరుతో తిట్టినోడికి శిక్ష పడాలంటే తిట్టు తిన్నవాడు ఏ జాబితాల ఉన్నడో ఎందుకు అడగాలె? వృత్తి కులాలకు కూడా అలాంటి రక్షణ చట్టం కావాలని అడగవలసింది రజక సంఘాలు మాత్రమే కాదు, మనం.

ఆ అపార్టుమెంటు సంఘానికి ఒక ఉత్తరం రాసి ఇచ్చినం. బస్తీ నుంచి 23 మంది సంతకాలు. అక్క మొదట పెట్టనన్నది, "ఉన్న నాలుగిండ్లు కూడా పోతయి" అన్నది. తర్వాత వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. జవాబు రాలేదు. బోర్డు ఇంకా అక్కడే ఉంది. వచ్చే నెల వాళ్ల సర్వసభ్య సమావేశం ఉందట, మేమూ పోతం.

ఈలోగా పాఠకులకు ఒక పని. మీ ఊళ్లల్ల ముసలి సాకలి అవ్వలు ఉంటే కూర్చోబెట్టి అడగండి. సౌడును ఏమంటరు, ఉబ్బ పెట్టే బానను ఏమంటరు, జీడి గుర్తుల పేర్లేంది, మడుగు అన్న మాట ఎవరికైనా యాదికి ఉన్నదా. చెప్పినట్టే, వాళ్ల యాసలనే, ఊరు పేరుతో రాసి పంపండి.